అడిగితే ముఖం బిగుసుకుంటుంది, అడగకపోతే మనసు ఒప్పుకోదు: ఆరుబయట అపరిచితుల పోర్ట్రెయిట్లు

మసకవెలుగు:

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఈ ఫొటోగ్రఫీ ఫోరంలో చర్చలు చదువుతున్నాను గానీ, రాయడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ చెట్లనూ నీళ్లనూ మబ్బులనూ తీశాను. అవి ఎదురు ప్రశ్న వేయవు కనుక ఏ చిక్కూ లేకపోయింది. ఈ మధ్య మనుషుల ముఖాల మీదికి మనసు పోయింది. బంధువులవీ స్నేహితులవీ కావు. మునుపెన్నడూ చూడని, బహుశా మళ్లీ చూడబోని వాళ్ల ముఖాలు.

కిందటి వారం ఒక పార్కులో బెంచీ మీద ఒక పెద్దాయన గొడుగు బాగుచేసుకుంటూ కనిపించారు. విరిగిన ఊచను పళ్లతో పట్టుకుని, రెండు చేతులతోనూ దానికి సన్నని తీగ చుడుతున్నారు. కనుబొమలు రెండూ దగ్గరికి వచ్చి ముక్కు మీదికి దిగాయి. నేను దగ్గరికి వెళ్లి, 'మీ ఫొటో ఒకటి తీసుకోవచ్చా?' అని అడిగాను. 'దానికేం, తీసుకోండి' అన్నారు. అంటూనే గొడుగును బెంచీ కిందికి తోసేశారు, చొక్కా పై గుండీ పెట్టుకున్నారు, అరచేతులు రెండూ మోకాళ్ల మీద బోర్లించి, గుర్తింపు కార్డు ఫొటోకు కూర్చున్నట్టు కూర్చున్నారు. నేను తీయాలనుకున్న మనిషి ఆ గొడుగుతో పాటే బెంచీ కిందికి వెళ్లిపోయారు.

ముందు తీసేసి తరవాత చెబుదామంటే, ఆయన జేబులోంచి ఏదో లాగేసినట్టు అనిపిస్తుంది. ఈ రెంటి నడుమ మీరు ఏ దారిన వెళ్తారో, ఎందుకు వెళ్తారో దయచేసి చెప్పండి. నా దగ్గర ఉన్నవి 85 ఎంఎం ఎఫ్ 1.8 (దూరం నుంచే ముఖం నింపేది), 35 ఎంఎం ఎఫ్ 2 (చుట్టూ ఉన్నది కూడా పట్టేది) లెన్సులు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దగా తెరుచుకుంటుంది.

పాతరీలు:

మసకవెలుగు గారూ, ఆ బిగుసుకున్న ఫొటోను చెరిపేయకండి. ఫొటో అనగానే గుండీ పెట్టుకున్నారంటే, లోకం తనను ఎలా చూడాలని ఆయన అనుకుంటున్నారో అది చెబుతోందన్న మాట. జర్మనీలో ఆగస్ట్ జాండర్ తీసిన పోర్ట్రెయిట్లను చూడండి. రైతు, వంటవాడు, ఇటుకలు మోసే కూలీ, ఎవరైనా సరే తమకు తోచిన హుందాతనంతో కెమెరాకు ఎదురుగా నిలబడ్డారు. వాటిలోంచి 60 ఫొటోలతో 1929లో వచ్చిన పుస్తకాన్ని నాజీ ప్రభుత్వం ఓర్చుకోలేక 1936లో అచ్చు పలకలతో సహా నాశనం చేయించింది. బిగుసుకుని నిలబడిన మనుషుల ఫొటోల్లో ఏమీ లేకపోతే అంత భయం దేనికి?

ఇక మీ చిక్కు. మొదటి ఫొటో ఆయనది, రెండోది మీది. ఆయన కోరుకున్నట్టే కూర్చోబెట్టి, తొందర పడకుండా ఒకటి రెండు తీయండి, తీసినది చూపించండి. చూసుకోవడం కాగానే మనిషి 'అయిపోయింది' అనుకుంటారు. ఊపిరి వదులుతారు, భుజాలు ఒక అంగుళం కిందికి దిగుతాయి. కెమెరాను మెడలోకి జారవిడవకుండా గుండె దగ్గరే పట్టుకుని, 'ఆ ఊచ ఎలా విరిగిందండీ?' అని అడగండి. గొడుగు దానంతట అదే బెంచీ కింద నుంచి చేతిలోకి వస్తుంది. చెబుతున్నంతసేపూ మీరు ఎదురుగానే ఉన్నారు, కెమెరా కనబడుతూనే ఉంది, ఆయన ఇచ్చిన ఒప్పుకోలు ఇంకా నిలిచే ఉంది. ఇందులో చాటు ఏమీ లేదు.

రిచర్డ్ అవెడాన్ 1979 నుంచి 1984 దాకా అమెరికా పడమటి రాష్ట్రాల్లో గని కార్మికులనూ దిమ్మరులనూ తీసినప్పుడు వాడినది 8×10 అంగుళాల ఫిల్మ్ షీట్లు పట్టే పెద్ద కెమెరా. అందులో ఫిల్మ్ పెట్టాక లెన్స్ గుండా చూడడం కుదరదు. ఆయన కెమెరా పక్కన, ఎదుటివాళ్లకు చేయి చాపే దూరంలో నిలబడి వాళ్ల కళ్లలోకి చూస్తూ తీసేవారు. మన కెమెరాలు ముఖానికి అడ్డం వస్తాయి; ఎదుటి మనిషికి కనబడేది నల్లటి గాజు. నేను ఫోకస్ సరిచూసుకుని, కెమెరాను గడ్డం దాకా దించి, మనిషిని చూస్తూ నొక్కుతాను. ఫ్రేమ్ కాస్త ఒరిగినా, చూపు మాత్రం నా వైపు ఉంటుంది, లెన్స్ వైపు కాదు.

వీధిమూల:

పాతరీలు గారి ఓపికకు దండం, కానీ నేను ఒప్పుకోను. 'ఊచ ఎలా విరిగింది' అని అడిగి తెప్పించిన ముఖం సంభాషణలో ఉన్న ముఖం. ఒంటరిగా పనిలో మునిగిన ముఖం అది కాదు. ఆ రెండోది కావాలంటే అడగకుండా తీయడం తప్ప దారి లేదు, ఈ కళలో గొప్పవాళ్లు ఆ దారిన నడిచారు కూడా. పాల్ స్ట్రాండ్ 1916లో న్యూయార్క్ వీధుల్లో కెమెరా పక్క భాగాన ఒక ఉత్తుత్తి లెన్స్ బిగించి, అటు చూస్తున్నట్టు నటిస్తూ ఇటు ఉన్నవాళ్లను తీశారు. మెడలో 'అంధురాలు' అన్న పలక వేసుకున్న స్త్రీ ఫొటో అలా వచ్చిందే. వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 వరకు అదే నగరం భూగర్భ రైళ్లలో కోటు కింద కాంటాక్స్ కెమెరా దాచి, గుండీల సందులోంచి లెన్స్ బయటపెట్టి, చొక్కా చేతిలోంచి తెచ్చిన కేబుల్‌తో షట్టర్ నొక్కారు. తన ముఖానికి తాను కాపలా కాయడం మానేసిన మనిషి ఎలా ఉంటాడో చూడాలంటే ఆ ఫొటోలే చూడాలి.

నేను మూల మీద అరగంట నిలబడతాను. కెమెరా దాచను, ఎవరి వెంటా పడను. ఎవరైనా చూసి వద్దని చేయి ఊపితే తీయను, తీసి ఉంటే చెరిపేస్తాను.

కంచెదాటని:

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బహిరంగ స్థలంలో తీయడం వేరు, దానిని ప్రచురించడం వేరు, వ్యాపార ప్రకటనకు వాడడం వేరు. ఈ మూడింటికీ దేశానికొక తీరున నియమాలున్నాయి. జర్మనీలో 1907 నాటి చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, ఒకరి చిత్రాన్ని పదిమందికీ చూపాలంటే వారి సమ్మతి ఉండాలి. ఫ్రాన్స్‌లో వ్యక్తిగత జీవితానికి రక్షణ ఇచ్చే పౌర స్మృతి 9వ నిబంధన కిందనే ఎవరి రూపం మీద వారికి హక్కును కోర్టులు గుర్తించాయి. కెనడాలోని క్విబెక్‌లో ఒక భవనం మెట్ల మీద ఊరికే కూర్చున్న 17 ఏళ్ల అమ్మాయిని తీసి, అడగకుండా ఒక కళా పత్రికలో వేసినందుకు పరిహారం చెల్లించాల్సిందేనని 1998లో ఆ దేశ సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఫొటోలో ఆమెను కించపరిచేది ఏమీ లేకపోయినా తీర్పు అలాగే వచ్చింది.

న్యూయార్క్‌లో దీనికి ఎదురు. ఫిలిప్ లోర్కా డికోర్సియా 1999 నుంచి 2001 వరకు టైమ్స్ స్క్వేర్‌లో కాలిబాట పైన ఫ్లాష్ దీపాలు కట్టి, దూరం నుంచి పెద్ద లెన్స్‌తో బాటసారుల ముఖాలు తీశారు. వారిలో ఒకరు, ఇది తన మత విశ్వాసానికి విరుద్ధమని దావా వేస్తే, ఆ ఫొటోలు కళ కిందికి వస్తాయనీ, దావా వేసే గడువు కూడా దాటిపోయిందనీ 2006లో కోర్టు కొట్టివేసింది. చేసిన పని ఒకటే. ఒక చోట పరిహారం కట్టాలి, మరో చోట గ్యాలరీలో వేలాడదీయవచ్చు. మీరు నిలబడిన నేల నియమం ఏమిటో తెలుసుకున్నాకే కెమెరా తీయండి. ఫొటోను అమ్మే ఉద్దేశం ఉంటే, ముఖ్యంగా ప్రకటనలకు, సంతకంతో కూడిన అనుమతి పత్రం తీసుకోండి. తీసిన రోజు దొరికే సంతకం ఏడాది తరవాత దొరకదు.

వీధిమూల:

కంచెదాటని గారూ, నియమాల సంగతి ఒప్పుకుంటాను. ఒక్కటి చేర్చండి: ఎవాన్స్ ఆ రైలు ఫొటోలను పుస్తకంగా 1966 వరకు వేయలేదు. అందులోని వాళ్లను గుర్తుపట్టడం ఇంచుమించు అసాధ్యమయ్యేదాకా పాతికేళ్లు పెట్టెలోనే ఉంచారు. ఇప్పటివాళ్లం పాతిక నిమిషాలు ఆగలేకపోతున్నామంటే నేరం కెమెరాది కాదు.

నిదానంగా:

ఇంతవరకు మాట్లాడిన వాళ్లందరూ కెమెరా వెనక నిలబడినవాళ్లే కాబట్టి, ముందు కూర్చున్నదాన్ని ఒకసారి మాట్లాడతాను.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం బస్టాపులో కూర్చుని ఉన్నాను. ఎదురుగా రోడ్డవతల ఒకరు కెమెరాతో నిలబడ్డారు, నేను పట్టించుకోలేదు. కొన్ని నెలల తరవాత ఒక స్నేహితురాలు, 'ఇది నువ్వేనా? ఏమైంది నీకు?' అంటూ ఒక ఫొటో పంపింది. నేనే. పసుపు పచ్చని దీపం కింద, చెంప మీద చేయి పెట్టుకుని, కళ్లలో నీళ్లతో శూన్యంలోకి చూస్తున్నాను. ఫొటో చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కింద 'తిరిగిరాని వాడి కోసం' అని రాసి ఉంది. ఆ కింద ఎవరెవరో నన్ను ఓదారుస్తున్నారు.

ఆ రోజు నేను జ్ఞానదంతం పీకించుకుని వస్తున్నాను. మత్తు దిగుతోంది, దవడ సలుపుతోంది, బస్సు రావడం లేదు. తిరిగిరాని వాడు ఎవడూ లేడు.

వీధిమూల గారూ, కాపలా లేని ముఖం నిజం చెబుతుందన్నారు. నా ముఖం ఆ రోజు ఏ కాపలా లేకుండానే ఉంది, అయినా తీసినాయనకు తెలిసింది సున్నా. ఆయన తన మనసులో ఉన్నదానికి నా దవడను వాడుకున్నారు. ఒక్క అడుగు దాటి వచ్చి 'ఏమైందండీ?' అని ఉంటే నవ్వు వచ్చేది, బహుశా ఇంకా మంచి ఫొటో వచ్చేది.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. డొరతియా లాంజ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో బఠాణీ కోత కూలీల గుడారాల దగ్గర, పిల్లలను ఆనించుకుని కూర్చున్న ఒక తల్లిని తీశారు. లోకమంతా ఎరిగిన ముఖం అది. ఆమె పేరు గానీ గతం గానీ తాను అడగలేదని లాంజే 1960లో రాశారు. కారు టైర్లు అమ్ముకుని తిండి కొనుక్కున్నారన్న వివరం ఆ ఫొటోతో పాటు ప్రచారమైంది. తమ దగ్గర అమ్మడానికి టైర్లే లేవని ఆ కుటుంబం తరవాత చెప్పింది. ఆ తల్లి ఎవరో 1978లో గానీ బయటికి రాలేదు, వచ్చాక ఆమె మాటల్లో వినిపించింది కృతజ్ఞత కాదు, అసంతృప్తి. ఆ ఫొటో ఆ కూలీలకు తిండి సాయం తెప్పించింది, కాదనను. కానీ పేరు అడగడానికి ఎంతసేపు పడుతుంది?

వీధిమూల:

నిదానంగా గారూ, మీరు చెప్పింది చదివి నా పాత ఫొటోలు తెరిచి చూసుకున్నాను. 'ఎదురుచూపు', 'ఓటమి', 'నాన్న జ్ఞాపకం'. మూడింటిలోనూ ఉన్నవాళ్లతో నేను ఒక్క మాటా మాట్లాడలేదు. మూడింటి కింద రాతలూ తీసేశాను. తీసిన చోటు, నెల మాత్రం ఉంచాను. అడగకుండా తీయడం మానేస్తానని మాట ఇవ్వలేను. తెలియనిది రాయనని ఇవ్వగలను.

నీడపట్టు:

ధర్మచర్చ నడుస్తుండగా వెలుగు గురించి ఎవరూ ఎత్తలేదు. అడిగి తీసే పద్ధతిలో ఉన్న పెద్ద లాభం అదే: మనిషిని మూడు అడుగులు జరపవచ్చు. ముఖం పాడయ్యేది బిడియంతో కన్నా నడినెత్తి ఎండతో ఎక్కువ. కనుగుంటలు నల్లబడతాయి, ముక్కు నీడ పై పెదవి మీద పడుతుంది, కళ్లు చికిలిస్తారు. అదే మనిషిని చెట్టు నీడ అంచుకో, గోడ నీడ అంచుకో తెచ్చి, ముఖాన్ని బయటి ఆకాశం వైపు తిప్పండి. నీడ మధ్యకు కాదు, అంచుకు. మధ్యలో వెలుగు నాలుగు వైపుల నుంచీ వచ్చి ముఖం చప్పగా ఉంటుంది. అంచున ఒక వైపు నుంచే వస్తుంది, కంటిపాపలో ఆకాశం తెల్లని చుక్కై కూర్చుంటుంది. ఆ చుక్క లేని కన్ను ఎంత పదునుగా ఫోకస్ అయినా నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఆకుల సందుల్లోంచి ముఖం మీద పడే ఎండ మచ్చలను మాత్రం నమ్మకండి. కంటికి అందంగా ఉంటాయి, ఫొటోలో చర్మవ్యాధిలా ఉంటాయి. పచ్చగడ్డి మీద నిలబెడితే గడ్డం కింద పచ్చదనం, ఎర్ర గోడ పక్కన నిలబెడితే చెంప మీద ఎరుపు చేరతాయి, గమనించండి.

ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్న సంగతి. కెమెరా లోపల వెలుగును కొలిచే మీటరు తన ముందున్న దేన్నయినా 18 శాతం వెలుగును తిప్పిపంపే బూడిద రంగుగానే లెక్కగడుతుంది. తెల్లగోడ ముందు నల్లని మేనిఛాయ గల మనిషిని నిలబెడితే, గోడను బూడిద చేయాలన్న తాపత్రయంలో ముఖాన్ని బొగ్గు చేస్తుంది. అదే ముఖం ఫ్రేమ్ నిండా ఉంటే ఆ ఛాయను పాలిపోయేలా చేస్తుంది. కాబట్టి మీటరును ముఖం మీదే పెట్టి చూసి, ఛాయను బట్టి మీరే సవరించుకోండి. నల్లని ఛాయలో అందమంతా నుదుటి మీద, చెంప ఎముక మీద మెరిసే వెలుగులో ఉంటుంది. దానిని పొడి తెల్లగా కాలిపోనివ్వకండి.

ఇక మీ 85 ఎంఎం. ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత పెద్దది) మీద ఒకటిన్నర మీటర్ల దూరంలో ఎఫ్ 1.8 దగ్గర పదునుగా ఉండే లోతు దాదాపు మూడు సెంటీమీటర్లు. మనిషి తల కాస్త తిప్పితే ఒక కన్ను లోపల, ఇంకో కన్ను బయట. వెనక మసక బాగుందని మురిసిపోయి ఇంటికొచ్చి చూసుకుంటే పదునుగా ఉన్నది కనురెప్ప వెంట్రుక మాత్రమే. ఎఫ్ 4 దగ్గర ఆ లోతు దాదాపు ఏడు సెంటీమీటర్లకు పెరుగుతుంది, రెండు కళ్లూ సుఖంగా ఇముడుతాయి. నేను ఎఫ్ 4, షట్టర్ వేగం సెకనులో 250వ వంతు, ఆటో ఐఎస్ఓ (వెలుగుకు తగ్గ సున్నితత్వాన్ని కెమెరాయే ఎంచుకోవడం) పెట్టుకుని ఆ తరవాతే ఎవరినైనా అడుగుతాను. అవునన్న మనిషిని నిలబెట్టి మీటలు తిప్పుకుంటూ ఉంటే, వాళ్లు ఇచ్చిన నిమిషంలో సగం మన అయోమయానికే పోతుంది. బిగుసుకుపోవడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

35 ఎంఎంతో ముఖం నింపాలని అర మీటరు దగ్గరికి వెళ్లకండి. ముక్కు పెరిగి, చెవులు వెనక్కి పోతాయి. దానికి కారణం లెన్స్ కాదు, దూరం. కానీ ఆ లెన్స్ మిమ్మల్ని అంత దగ్గరికి లాగుతుంది. దానితో రెండు మీటర్ల దూరం నుంచి మనిషినీ, చేతులనూ, గొడుగునూ, బెంచీనీ కలిపి తీయండి. మీ పెద్దాయనకు సరైనది అదే.

కొత్తకెమెరా:

నా దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు. దానితో ఇవన్నీ కుదురుతాయా?

నీడపట్టు:

కుదురుతాయి. ఫోను ప్రధాన లెన్స్ 24 నుంచి 26 ఎంఎంకు సమానం కాబట్టి ఇప్పుడు చెప్పిన ముక్కు గొడవ ఇంకా ఎక్కువ. రెండింతలు జూమ్ నొక్కి, ఒక అడుగు వెనక్కి వేయండి. వెనక భాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో మసకబరిచే మోడ్ మాత్రం వద్దు. గాలికి రేగిన వెంట్రుకల దగ్గర కత్తెర పెట్టినట్టు కోసేస్తుంది.

పాతరీలు:

'తీసుకోవచ్చా?' అన్న ఒక్క ప్రశ్నే చాలదు. ఎదుటివారి మనసులో వెంటనే లేచేది 'నన్నే ఎందుకు?' అన్న అనుమానం, దానికి జవాబు మీ మాటలోనే ముందుగా ఉండాలి. 'మీరు ఆ తీగ చుడుతున్న తీరు చూసి ఆగాను, అలా చుడుతుండగానే ఒక ఫొటో తీయాలని ఉంది' అని మసకవెలుగు గారు అని ఉంటే, ఆ గొడుగు బెంచీ కిందికి పోయేదే కాదు. ఏం కావాలో చెప్పకపోతే, ఫొటో అంటే అందరికీ తెలిసినదే ఇస్తారు.

వెనక నుంచి వెళ్లకండి. నాలుగు గజాల దూరంలోనే కెమెరా కనబడేలా పట్టుకుని, కాస్త పక్కగా ఆగండి, ఎదురుగా దారికి అడ్డంగా కాదు. కాదనుకుంటే లేచి వెళ్లిపోవడానికి చోటు కనబడాలి. ఒంటరిగా ఉన్న స్త్రీల విషయంలో ఇది మరీ ముఖ్యం. భాష రాని చోట కెమెరాను కొద్దిగా ఎత్తి, కనుబొమలు ఎగరేసి ఆగితే చాలు, తల ఊపడం చాలా చోట్ల అర్థమవుతుంది. (అటూ ఇటూ ఊపితే అవుననో కాదనో ముందే తెలుసుకోండి. నేను ఒకసారి పొరబడ్డాను.) వద్దంటే 'పరవాలేదండీ' అని నవ్వి కదలాలి, రెండోసారి అడగడం బతిమాలడమే. పిల్లలైతే ముందు పెద్దవాళ్లను అడగాలి, ఆ తరవాత పిల్లలను కూడా అడగాలి. నిద్రలో, మత్తులో, ఏడుపులో ఉన్నవాళ్లు అవునన్నా అది అవును కాదు, నేను తీయను.

తడబడినషట్టర్:

నేను చేసిన తప్పు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక వంతెన మీద ఇద్దరు అక్కచెల్లెళ్లను తీశాను, ఇద్దరికీ డెబ్బై దాటి ఉంటాయి. ఫొటో తప్పకుండా పంపుతానంటే పెద్దావిడ తన బస్సు టికెట్ వెనక చిరునామా రాసి, చదవడానికి వీలుగా ఉందా లేదా అని నాతోనే పైకి చదివించి మరీ ఇచ్చారు. ఆ టికెట్ చొక్కా జేబులో ఉండగానే ఉతుకులోకి పోయింది. నా దగ్గర ఉన్న పోర్ట్రెయిట్లలో అదే మంచిది, దానిని ఇప్పటికీ ఎక్కడా పెట్టలేకపోయాను.

స్టీవ్ మక్‌కరీ 1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ బాలిక ఫొటో 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రమై లోకమంతా తిరిగింది. 2002లో ఆమెను వెతికి పట్టుకునే వరకు ఆమె ఆ ఫొటోను చూడనే లేదు. మనది అంత పెద్ద వ్యవహారం కాదు గానీ లోటు అదే రకం.

ఇప్పుడు నేను చిన్న ఇన్‌స్టంట్ కెమెరా ఒకటి సంచిలో పెట్టుకుంటున్నాను. బొమ్మ పరిమాణం 62×46 మిల్లీమీటర్లు, అరచేతిలో సగం. పెద్ద కెమెరాతో తీసే ముందే దీనితో ఒకటి తీసి చేతికిస్తాను. బొమ్మ తేలడానికి నిమిషంన్నర పడుతుంది. నేను ఊహించని లాభం ఆ నిమిషంన్నరలో ఉంది. మొదట తెల్లని కాగితం, తరవాత లేత బూడిదలో జుట్టు, ఆ తరవాత కళ్లు. దానిని చూస్తున్న మనిషికి నేను అక్కడ ఉన్న సంగతే గుర్తుండదు. 'నా చెవులు ఇంత పెద్దవా!' అని ఒకాయన తనలో తాను అనుకున్నారు. వీధిమూల గారు కోరే కాపలా లేని ముఖం, అనుమతి ఇచ్చాక, మూడు అడుగుల దూరంలో, నా కళ్ల ముందే. ఇంకొకటి తీయనా అన్నట్టు కెమెరా ఎత్తితే ఎవరూ ఇప్పటిదాకా కాదనలేదు.

వీధిమూల:

ఆ నిమిషంన్నర నాకు తట్టలేదు. ప్రయత్నిస్తాను.

కొత్తకెమెరా:

అడగాలంటే నాకు అరచేతులు చెమటలు పడతాయి. ఇదీ అలవాటవుతుందా?

నిదానంగా:

అవుతుంది, లెక్క పెట్టుకుంటే తొందరగా అవుతుంది. ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సైటులో వందమంది అపరిచితులను అడిగి తీయడమే పనిగా పెట్టుకున్న పాత బృందం ఒకటి ఉంది. అడగడం, మాట్లాడడం, ఆ మనిషి గురించి ఒక ముక్క రాయడం అందులో నియమం. నేను 41 దగ్గర ఆగాను. మొదటి పదిమందిలో ఫొటోలన్నీ వంకర, పదిహేనో మనిషి దగ్గర చెమట ఆగింది. వెళ్లగానే తీయాలనిపించిన ముఖాన్ని వదిలేసి, ఖాళీగా కూర్చుని దారిన పోయేవాళ్లను చూస్తున్న వాళ్లతో మొదలుపెట్టండి. వాళ్లకు కాలక్షేపం కావాలి, మీకు ముఖం కావాలి.

మసకవెలుగు:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ఉదయం అదే పార్కుకు వెళ్లి, జరిగింది చెబుదామని వచ్చాను. కెమెరా ఎఫ్ 4, 250 దగ్గర ముందే పెట్టుకున్నాను.

ముగ్గురిని అడిగాను. మొదటి ఆవిడ పుస్తకం లోంచి తల ఎత్తకుండానే వద్దన్నారు, నేను పరవాలేదండీ అన్నాను. అంతకన్నా ఏమీ జరగలేదు; వారమంతా నేను భయపడింది ఆ రెండు సెకన్లకేనా అనిపించింది. రెండో అతను పరుగు ముగించి మోకాళ్ల మీద చేతులు ఆనించి రొప్పుతున్నాడు. 'మీ ముఖం మీద చెమట వెలుగులో బాగుంది' అంటే నవ్వేశాడు. ఫొటో మసకబారింది, తప్పు నాదే, కన్ను బదులు చెవి మీద ఫోకస్ పడింది.

గొడుగు పెద్దాయన అదే బెంచీ మీద ఉన్నారు. ఈసారి గొడుగు లేదు, రేడియో ఉంది. వెనక మూత ఊడదీసి బ్యాటరీ తీగలను గోటితో గీకుతున్నారు. నన్ను గుర్తుపట్టి మళ్లీ గుండీ మీదికి చేయి పోనిచ్చారు. పాతరీలు గారు చెప్పినట్టు అలాగే ఒకటి తీసి చూపించాను. ఆయన తెర మీద తన ముఖాన్ని చాలాసేపు చూసుకుని, 'అచ్చం మా అన్నలా ఉన్నాను' అన్నారు. అంటూ రేడియోను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు, గుండీ పెట్టుకున్నట్టే ఉంది. అప్పుడు 35 ఎంఎంతో రెండు మీటర్ల నుంచి తీశాను, ఆయన చూస్తుండగానే. గుండీ, కనుబొమలు, గోరు, తుప్పు పట్టిన తీగ అన్నీ పడ్డాయి. మొదటి వారం నేను తీయాలనుకున్న ఫొటో ఇది కాదు, గుండీ ఒకటి అదనంగా ఉంది. ఆ గుండీయే ఇప్పుడు నాకు ఎక్కువ నచ్చుతోంది.

రెండు ఫొటోలకూ ప్రింట్లు వేయించాను. వచ్చే ఆదివారం ఇచ్చేస్తాను.

తడబడినషట్టర్:

ఆదివారం దాకా ఆగకండి, రేపే వెళ్లండి. అన్నగారి పోలిక ఉన్న ప్రింటు పైన పెట్టి ఇవ్వండి.